మోటారు వరుసలో సున్నా

జూలై 17, 2000. సోమవారం

ముందు పేజీల్లో ఇంటి ఖర్చులు రాస్తాను. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఇది ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనూ కాత్యాయనీ మాత్రమే. దేవన్ మాట్లాడతాడు గానీ చదవలేడు.

పెనాంగ్ కస్టమర్ దగ్గర మా యంత్రం చిప్పులు పారేస్తోంది. దాని పని సూది కొనతో గాలి పీల్చి చిప్పును పట్టుకోవడం, కెమెరా ముందు చూపించడం, టేపు గుంటలో పెట్టడం. కెమెరా జవాబు అప్పుడప్పుడు ఆలస్యమవుతోంది. జవాబు రాకపోతే సూది అంచనా మీద వదిలేస్తుంది, చిప్పు పక్కన పడుతుంది. ఆఫీసులో మా దగ్గరున్న ఇంకో యంత్రమూ అలాగే పారేస్తోంది.

ప్రాసెసర్ సమయాన్ని ఎవరు తింటున్నారని హెడ్ ఆఫీసు అడిగింది. ఆ లెక్క నూటికి ఇంత అని తీసి పట్టికగా పంపేది నేను. మామూలుగా శుక్రవారం పంపుతాను. ఇవాళ సోమవారమైనా పంపాను.

కెమెరా (కాత్యాయని) 91. మోటారు (దేవన్) 0. ఖాళీ 9.

ప్రతి వరుసలోనూ ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళ పేరు వేయడం నేను పెట్టిన పద్ధతే. ఎవరిని అడగాలో వెంటనే తెలుస్తుందని పెట్టాను.

బస్సు, కాఫీ, చేపలు.

జూలై 18

పొద్దున్నే కాత్యాయని నా బల్ల దగ్గరికి వచ్చింది. అమలాపురం వైపు అమ్మాయి. ఏజెన్సీ తరఫున ఏడాది కిందట చేరింది. ఆగస్టు ఆఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించేదీ లేనిదీ దేవన్ చేతిలో ఉంది. పొడిగించకపోతే ఈ దేశంలో పని చేసుకునే పాస్ పోతుంది, ఇంటికి వెళ్ళిపోవాలి.

"అంకుల్, ఈ తొంభై ఒకటీ నాదేనా?"

"పట్టిక అలాగే చెబుతోంది."

"పట్టికకి ఎవరు చెప్పారు? సిస్టమ్ గడియారం పది మిల్లీసెకన్లకోసారి టిక్‌మంటుంది. అప్పుడొకసారి తొంగి చూస్తుంది. ఆ క్షణాన కుర్చీలో ఎవరుంటే పదికి పదీ వాళ్ళ పేరు మీద రాసేస్తుంది. మధ్యలో ఎవరొచ్చి వెళ్ళారో దానికి తెలీదుగా."

"లక్షల సార్లు తొంగి చూస్తుంది. సగటు మీద సరిపోతుంది."

"వచ్చేవాళ్ళు ఎప్పుడంటే అప్పుడొస్తే సరిపోతుంది. టిక్‌మనగానే లేచి పని చేసుకుని, ఇంకో టిక్ కొట్టేలోపు పడుకునేవాడుంటే?"

నేను తెర వైపు తిరిగాను. తన పేరున్న వరుస గురించి ఎవరైనా అలాగే అంటారు.

జూలై 19

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ రామలక్ష్మి టీవీ ముందు కూర్చుని ఉంది. మా అమ్మాయి కీర్తిక ఫోన్లో మాట్లాడుతోంది. అరటిపళ్ళు, బ్లేడ్లు.

జూలై 21. శుక్రవారం

దేవన్ పిలిచాడు. ఇప్పుడు మేనేజర్ గానీ, ఆరేళ్ళ కిందట ఈ యంత్రానికి మోటారు ప్రోగ్రామ్ రాసింది అతనే. తాతల నాటి నుంచి ఈ దేశంలోనే ఉన్న కుటుంబం. అప్పట్లో నేను బోర్డులకు టంకం పెట్టేవాణ్ణి. పుస్తకాలు చూసి ప్రోగ్రాములు నేర్చుకుంటున్నానని తెలిసి, నన్ను ఈ గదిలోకి మార్చింది కూడా అతనే.

"చూడు రాజు. నా మోటార్ జీరో. సిక్స్ ఇయర్స్, ఒకటే జీరో. ఆ అమ్మాయి నైంటీ వన్. లోపల ఏం చేస్తోంది, బిర్యానీ వండుతోందా?"

"కెమెరా పని పెద్దది కదా."

"మోటార్ పని చిన్నదా? అలామక్, అయ్యో! నీ టేబులే చెప్తోంది, నేను కాదు లా." ఇక్కడివాళ్ళందరిలాగే అతనికీ మాట చివర లా తగలకపోతే తోచదు.

చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ అతను ఆ సున్నాను చూపిస్తాడు. నిజంగా గొప్ప విషయమే. సూదిని మోసే చేయి రోజంతా ఆగకుండా తిరుగుతుంది. పట్టికలో ఎక్కడా కనిపించదు. పొదుపుగా రాయడమంటే ఇది అని నేను చాలాసార్లు అనుకున్నాను.

జూలై 24

కాత్యాయని తన ప్రోగ్రామ్‌ను కుదిస్తోంది. ఇవాళ్టి లెక్క 91.

జూలై 25

రామలక్ష్మి టీవీ చూస్తోంది.

జూలై 26

91. రెండు చోట్ల బాగా తగ్గించానంది. పట్టికలో కనిపించలేదు.

జూలై 28. శుక్రవారం

90. పట్టిక పంపాను.

మధ్యాహ్నం నేనూ కాత్యాయనీ బెడోక్ హాకర్ సెంటర్‌లో తిన్నాం. జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరో నాలుగు కుర్చీల బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి, ఇది మాది అన్నట్టు చోప్ చేసుకుని పోయారు. మేం పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాం.

"చూశారా అంకుల్. మీ పట్టిక ఇప్పుడొచ్చి చూస్తే ఏం రాస్తుంది? ఒక టిష్యూ ప్యాకెట్ నాలుగు కుర్చీల్లో కూర్చుని కడుపునిండా మకన్ చేస్తోందని రాస్తుంది."

నేను నవ్వలేదు.

"రోజుకో ముక్క కోసుకుంటున్నాను. బరువు మాత్రం తగ్గట్లేదు. కోసింది ఎక్కడికి పోతోందో మీరైనా చెప్పండి."

"ఇంకా ఉందేమో చూడు."

"ఇంకా ఉన్నది రెండో చూపొకటే."

ఆమె ప్రోగ్రామ్ ప్రతి చిప్పునూ రెండుసార్లు చూస్తుంది. మొదటిసారి చిప్పు ఎటు తిరిగి ఉందో చూస్తుంది. రెండోసారి ఏటవాలు వెలుతురులో, వెంట్రుకవాసి పగులు ఉందేమో చూస్తుంది. ఆ రెండోది ఎవరూ అడగలేదు. తనంతట తను పెట్టింది.

ఎవరూ అడగనిదైతే తీసేయవచ్చు కదా అన్నాను.

ఆగస్టు 3

తీసేసింది. కెమెరా 0.

నేను రెండుసార్లు తీసి చూశాను. సున్నాయే. రోజంతా ఒక్క చిప్పు కూడా పక్కన పడలేదు. దేవన్ అందరికీ కర్రీ పఫ్‌లు తెప్పించాడు. అందరూ తిన్నారు, నేనూ తిన్నాను. కాత్యాయని తనది పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

ఆగస్టు 4. శుక్రవారం

కెమెరా 0. మోటారు 0. ఖాళీ 100.

ఇంత శుభ్రమైన పట్టిక నేను ఎప్పుడూ పంపలేదు. హెడ్ ఆఫీసు నుంచి అభినందనలు వచ్చాయి.

ఆగస్టు 7

కాత్యాయనికి కాంట్రాక్టు పొడిగించడం లేదని దేవన్ చెప్పాడు.

"జీరో చేయగలదని ఇప్పుడు ప్రూవ్ అయింది. మరి వన్ ఇయర్ ఎందుకు చేయలేదు? మన ప్రాసెసర్ మీద వన్ ఇయర్ పడుకుంది."

సబబుగానే ఉంది.

ఆగస్టు 8

చిప్పు తర్వాత చిప్పుగా కెమెరా పొద్దున్నించి సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. సున్నా ఎలా అవుతుంది?

ఆగస్టు 9

నేషనల్ డే సెలవు. పాసిర్ రిస్‌లో గాలి బాగా వీస్తోంది. రోజంతా ఇంట్లోనే ఉన్నాను.

రామలక్ష్మి లేచి పిండి రుబ్బింది. బట్టలు ఉతికి, వెదురు గడలకు తగిలించి, కిటికీ బయట ఆరేసింది. పక్క ఫ్లాట్ మలయ్ ఆవిడ మందుల చీటీ తెస్తే చదివి చెప్పింది. చేప కడిగింది. గచ్చు తుడిచింది. కీర్తిక యూనిఫాం ఇస్త్రీ చేసింది. వాన వస్తే బట్టలు తీసింది. తగ్గాక మళ్ళీ వేసింది.

"ఇవాళ చాలా పనులు పెట్టుకున్నావే" అన్నాను.

"ఇవాళ కొత్తగా ఏం పెట్టుకున్నానండీ?"

కీర్తిక సోఫాలోంచి, "డాడీ, ఎవ్రీ డే లైక్ దట్ వాట్" అంది, రోజూ ఇంతే కదా అన్నట్టు.

సాయంత్రం, రోజూ నేను ఇంటికి చేరే వేళకి, టీవీ ముందు కూర్చుంది. పెరేడ్ వస్తోంది. ఒళ్ళో బీన్స్ పళ్ళెం ఉంది. మాట్లాడుతూనే తుంచుతోంది. ఇదివరకూ ఉండేదేమో ఆ పళ్ళెం. నేను రాయలేదు.

ఆగస్టు 10

బోర్డు మీద ఎవరూ వాడని రెండు లోహపు కాళ్ళున్నాయి. మోటారు ప్రోగ్రామ్ లేవగానే ఒక కాలు మీద వోల్టేజి పైకి లేచేలా, పని కాగానే కిందికి దిగేలా రెండు లైన్లు రాశాను. కెమెరాకు రెండో కాలు. రెండింటికీ వైర్లు పెట్టి, వోల్టేజిని గీతగా చూపే ఆసిలోస్కోప్ తెర మీద చూశాను.

రాసుకుంటే గానీ నాకు అర్థం కాదు కాబట్టి రాస్తున్నాను.

టిక్ కొట్టగానే మోటారు లేస్తుంది. అయిదున్నర మిల్లీసెకన్లు పని చేసి పడుకుంటుంది. అప్పుడు కెమెరా మొదలుపెడుతుంది. ఇప్పుడు దానికి నాలుగు పడుతోంది. అది ముగిశాక ఇంకో టిక్ కొడుతుంది. పట్టిక తొంగి చూసే సమయానికి గదిలో ఎవరూ ఉండరు. పదిలో తొమ్మిదిన్నర కష్టపడిన బోర్డు మీద ఖాళీ అని రాస్తుంది.

రెండో చూపు ఉన్నప్పుడు కెమెరాకు అయిదు దాకా పట్టేది. మోటారు అయిదున్నర తిన్నాక మిగిలేది నాలుగున్నరే. కాబట్టి టిక్ కొట్టేసరికి కెమెరా ఇంకా పనిలోనే ఉండేది. మొత్తం పదీ, మోటారు తిన్నది కూడా, దాని పేరు మీద పడేది.

మోటారు ఆ క్షణానికి ఎప్పుడూ ఉండదు. ఆరేళ్ళుగా లేదు. సున్నా.

మా ఆఫీసులో ప్రతి ప్రోగ్రామూ టిక్‌తోనే లేస్తుంది. అది దేవన్ మొదట్లోనే పెట్టిన పద్ధతి, చూడటానికి నీటుగా ఉంటుంది. నేను చేరినప్పుడు నాకూ అదే నేర్పాడు.

ఆమె మొదటి రోజే చెప్పింది.

ఆగస్టు 11. శుక్రవారం

దేవన్‌ను స్కోప్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"ప్రోబ్ కరెక్ట్‌గా పెట్టావా?"

"పెట్టాను."

"చానెల్ మార్చు."

మార్చాను. తెర మారలేదు. అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"చేయి నడవాల్సిన వంపును ప్రతిసారీ మొదటి నుంచీ లెక్క కడుతోంది" అన్నాను.

"తెలుసు. నేనే రాశాను. అప్పుడు బోర్డు మీద మెమొరీ ఎక్కడ ఉంది? కట్టింది దాచుకుందామంటే ప్లేస్ లేదు."

అది నిజమే. ఆ బోర్డులకు టంకం పెట్టింది నేనే.

దేవన్ తెర నుంచి ఇటు తిరిగాడు.

"పెనాంగ్ వాళ్ళు సెప్టెంబర్ ఫిఫ్త్ మెషీన్ ఓకే అని సైన్ చేస్తారు. ఇప్పుడు మెషీన్ రన్నింగ్. తర్వాత సరిచేద్దాం. అంతవరకు టిడాపా, ఏం పర్లేదు, ఊరికే ఉండు."

"కాత్యాయనిది ముప్పై ఒకటికి అయిపోతుంది."

"అది ఏజెన్సీ మేటర్ రాజు."

సరే అన్నాను. పట్టిక పాత పద్ధతిలోనే పంపాను. ఒక్క వారంలో వచ్చే తేడా ఏమీ లేదు.

బస్సు.

ఆగస్టు 14

కాత్యాయని నన్ను మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచింది. మా యంత్రం బాగుందని టేపులో పెట్టిన చిప్పు. అంచు నుంచి లోపలికి సన్నటి గీత ఉంది.

"నెల కిందటైతే దీన్ని పట్టుకునేదంకుల్. ఇప్పుడు ఇది ఎవరి టెలిఫోన్లోకో వెళ్తుంది. నాలుగు నెలలు పనిచేస్తుంది. తర్వాత ఆ ఫోను వాడు ఫోను కంపెనీని తిడతాడు."

"చూశాను."

"చూశాననడం కాదు, ఏదైనా అనండి. మీరు ఖాళీ వరుసలాగే ఉంటారు, ఏం నడుస్తోందో తెలీదు."

స్కోప్ పక్క బల్ల మీదే ఉంది. వైర్లు తీసేశాను గానీ, కాళ్ళకు పెట్టిన టంకం ఇంకా మెరుస్తోంది. ఆమె అటు చూడలేదు. నేను చెప్పలేదు.

వెళ్తూ వెళ్తూ, "ఆంటీకి రైస్ కుక్కర్ కావాలేమో అడగండి. కొత్తదే. విమానంలో ఎలా మోసుకుపోతాను?" అంది.

ఆగస్టు 15

రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 16

రైస్ కుక్కర్ తెచ్చాను. రామలక్ష్మి మూత తీసి చూసింది.

"ఇంత మంచిది ఇచ్చేసిందేం? వెళ్ళిపోతోందా ఆ పిల్ల?"

"కాంట్రాక్టు అయిపోయింది."

"మళ్ళీ రాయరా?"

"రాయడం లేదు."

"ఏం, పని రాదా?"

"వచ్చు."

"తప్పు చేసిందా?"

"లేదు."

"మరి?"

చేతులు కడుక్కోవడానికి లేచాను. వెనక నుంచి, "మీకు తెలుసన్నమాట" అంది.  కుక్కర్‌ను తడిగుడ్డతో తుడిచి అలమరలో పైన పెట్టింది. వాడలేదు.

ఆగస్టు 17

కొత్త లెక్క రాశాను. టిక్ కోసం చూడదు. ఒక ప్రోగ్రామ్ కుర్చీలోంచి లేచి ఇంకొకటి కూర్చునే ప్రతిసారీ గడియారం చూసి, లేచినవాడు వాడుకున్నంత మాత్రమే వాడి పేరు మీద వేస్తుంది. కష్టమైనదేమీ కాదు. మధ్యాహ్నం భోజనం వేళకల్లా అయిపోయింది.

ఆగస్టు 18. శుక్రవారం

మోటారు (దేవన్) 55. కెమెరా (కాత్యాయని) 40. ఖాళీ 5.

కింద ఇలా రాశాను: ఇంతవరకు నేను పంపిన పట్టికలన్నీ తప్పు. కారణం జతపరిచిన బొమ్మలో ఉంది. ఆ కారణాన్ని కాత్యాయని జూలై 18న నాకు చెప్పింది. నేను పరీక్షించలేదు. కెమెరా నుంచి తీయించిన రెండో చూపును తిరిగి పెట్టాలి.

స్కోప్ తెర ఫోటో జతచేసి హెడ్ ఆఫీసుకు పంపాను. దేవన్‌కు కాపీ పెట్టాను.

బస్సు, టోఫూ, గుడ్లు.

ఆగస్టు 21. సోమవారం

దేవన్ తలుపు మూయకుండానే మాట్లాడాడు.

"నా మొహం మీద చెప్పి ఉండొచ్చు రాజు."

"చెప్పాను."

అతను బల్ల మీది కాగితాలను కాసేపు సర్దాడు.

"యా. చెప్పావు."

తర్వాత టై తీసి సొరుగులో పడేసి, నా పక్క కంప్యూటర్ ముందు కూర్చుని మోటారు ప్రోగ్రామ్ తెరిచాడు. ఆరేళ్ళుగా దాన్ని ఎవరూ తెరవలేదు. చదువుతూ రెండుసార్లు తనలో తానే నవ్వుకున్నాడు. ఎందుకో నేను అడగలేదు.

ఆగస్టు 23

వంపును యంత్రం మొదలైనప్పుడు ఒక్కసారే కట్టి దాచుకుంటోంది. మోటారు 12.

కాత్యాయని రెండో చూపు తిరిగి పెట్టింది. కెమెరా 48. ఒక్క చిప్పూ పడలేదు. పగిలినవి పక్క డబ్బాలోకి వెళ్తున్నాయి. ఆమె ఆ డబ్బా పట్టుకెళ్ళి దేవన్ బల్ల మీద పెట్టింది. 

ఆగస్టు 25. శుక్రవారం

దేవన్ ఆమెను లోపలికి పిలిచి, ఇంకో ఏడాది ఉండమన్నాడు. పెనాంగ్ వాళ్ళను కొత్త తేదీ అడిగానని కూడా చెప్పాడట. ఆమె బయటికి వచ్చి సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"ఉండనని చెప్పానంకుల్."

"ఎందుకు?"

"సెరంగూన్‌లో ఒక కంపెనీకి పోయినవారమే సంతకం పెట్టేశాను. ఒకటో తారీకు నుంచి. పాస్ సంగతి వాళ్ళే చూసుకుంటున్నారు."

"ఇక్కడ ఇప్పుడు అంతా సరిపోయింది కదా."

ఆమె నా బల్ల అంచు మీద చేయి ఆనించింది.

"పద్దెనిమిదో తారీకు నేను మీకు చెప్పాను. పద్దెనిమిదో తారీకు మీరు వాళ్ళకి పంపారు. నడుమ ఒక నెలుందంకుల్. ఆ నెలంతా నేను నా పనినే కోసుకుంటూ కూర్చున్నాను. నాకు చేతకాదనుకున్నాను. మా అమ్మకి ఫోన్ చేసి, నాకు ఈ పని రాదేమో అని ఏడ్చాను. ఈ ఏడుపుని మీ కొత్త లెక్క ఎవరి మీద వేస్తుంది?"

నా మీద, అన్నాను. ఆమెకు వినిపించిందో లేదో తెలియదు. బల్ల మీంచి చేయి తీసింది.

"అది సరే. నేను ఊరెళ్ళట్లేదు కదా, నా రైస్ కుక్కర్ నాకు ఇచ్చెయ్యండి. ఆంటీ వాడేశారా?"

"లేదు. నీకు ఇచ్చేయాల్సి వస్తుందని పైన పెట్టింది."

"ఆంటీకి తెలుసన్నమాట" అంది. మొదటిసారి నవ్వింది.

ఆగస్టు 31

కాత్యాయని తన ప్రోగ్రామ్ నాకు అప్పజెప్పింది. పొద్దున్నించీ ఒక్కో లైనూ చూపిస్తూ చెప్పింది. రెండో చూపు దగ్గర వెలుతురు కోణం ఎందుకంత అన్నది నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. విసుక్కోకుండా చెప్పింది. మూడోసారి కూడా అడిగాను.

"అంకుల్, ఇన్ని మాటలు మీరు ఈ ఏడాదిలో మాట్లాడలేదు" అంది.

సాయంత్రం కుక్కర్ సంచి చేతికిచ్చాను. అందులో రామలక్ష్మి ఆవకాయ సీసా కూడా పెట్టింది. బస్‌స్టాప్ దాకా వెళ్ళాను. బస్సు వచ్చింది, ఎక్కింది.

సెప్టెంబర్ 1. శుక్రవారం

కెమెరా (నూకరాజు) 48. మోటారు (దేవన్) 12. ఖాళీ 40.

పంపాను.

సెప్టెంబర్ 4. సోమవారం

హెడ్ ఆఫీసు ఉత్తరం. కొత్త పట్టికలో కెమెరా అన్నింటికంటే ఎక్కువగా ఉందట. పేరున్న వ్యక్తి దీన్ని ఎప్పటిలోగా, ఎంతకు తగ్గిస్తారో తెలపాలట.

దేవన్ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాడు. "ఏం రాస్తావు రాజు?"

అతను చూస్తుండగానే టైపు చేశాను. తగ్గించడానికి ఏమీ లేదు. ఇది ప్రతి చిప్పునూ రెండుసార్లు చూస్తుంది. చూడటానికి అంత సమయం పడుతుంది.

దేవన్ చదివాడు. తన పేరు కూడా కింద పెట్టమన్నాడు. పెట్టి పంపాను.